కోట రాళ్ల వయసు: ఒకే పేరు కింద రెండు పొరలు

హైదరాబాద్‌లో బిర్లా సైన్స్ మ్యూజియానికి వెళ్లొచ్చిన వాళ్లు అక్కడ నిలబెట్టిన డైనోసార్ అస్థిపంజరం, కోటాసారస్ గురించి నన్ను అడిగేది ఒకటే: "అది ఎన్నేళ్ల కిందటిది?" సుమారు 19 కోట్ల ఏళ్లు అంటే తృప్తిగా తలూపుతారు. పొరల లెక్కలు చూసేవాడికి మాత్రం ఆ జవాబు సగమే. ఆ ఎముకలు దొరికిన కోట ఫార్మేషన్‌కు (ఫార్మేషన్ అంటే ఒకే పేరు కింద కలిపి చూసే రాతి పొరల గుంపు) గత యాభై ఏళ్లలో నిపుణులు ఇచ్చిన వయసులన్నీ ఒకచోట పెడితే తొలి జురాసిక్ నుంచి తొలి క్రెటేషియస్ దాకా సాగుతాయి. అంకెల్లో దాదాపు 20 కోట్ల ఏళ్ల నుంచి 14 కోట్ల ఏళ్ల దాకా. డైనోసార్లు అంతరించి ఇప్పటికి 6.6 కోట్ల ఏళ్లు. ఇంచుమించు అంత కాలం మేర సందేహాన్ని ఒక్క ఫార్మేషన్ మోస్తోంది.

ఈ కేసు మా దగ్గరికి వచ్చింది ఒక జాబితా రూపంలో. ఒక విద్యాసంస్థ తమ దగ్గరున్న శిలాజాల వివరాలను కంప్యూటర్‌లోకి ఎక్కిస్తోంది. కోట నుంచి వచ్చిన నమూనాలన్నిటికీ 'వయసు' గడిలో వేయడానికి ఒక అంకె పంపమన్నారు. ఆ జాబితాలో డైనోసార్ ఎముక ముక్కలు ఉన్నాయి, చేప పొలుసులున్న సున్నపురాయి పలకలు ఉన్నాయి, మట్టి కడిగితే వచ్చిన సన్న పళ్లూ ఉన్నాయి. అన్నిటికీ ఒకే అంకె కుదరదని చెప్పడానికి ఒక ఫోన్ కాల్ చాలు. ఏ నమూనాకు ఏం వేయాలో చెప్పాలంటే మాత్రం పొలాల్లోకి దిగాలి.

ఊళ్ల పేర్లు, పొరల పేర్లు

ప్రాణహిత–గోదావరి బేసిన్ వాయవ్యం నుంచి ఆగ్నేయానికి సాగిన పొడవాటి పగులు లోయ. సింగరేణి బొగ్గు ఉన్నదీ ఈ లోయలోనే, కాకపోతే ఇంకా కింద, ఇంకా పాతవైన పర్మియన్ పొరల్లో. కుమురం భీం ఆసిఫాబాద్, మంచిర్యాల జిల్లాల్లో వాటిపైన ట్రయాసిక్, జురాసిక్ పొరలు వరసగా బయటపడతాయి. కింది నుంచి పైకి చెప్పుకుంటే యెర్రపల్లి, భీమారం, మాలేరి, ధర్మారం, కోట, గంగాపూర్, చికియాల. అన్నీ ఊళ్ల పేర్లే. కోట ఊరు మాత్రం నది అవతల, మహారాష్ట్రలోని సిరొంచ వైపు ఉంది.

కోట ఫార్మేషన్‌ను పనికోసం రెండు భాగాలు చేసుకుంటాం. కింది భాగంలో ఇసుకరాయి ఎక్కువ, మధ్యమధ్య ఎర్ర బంకమట్టి. నదులు మోసుకొచ్చి వేసిన సరుకు. పై భాగం సున్నపురాయి పట్టీలతో మొదలవుతుంది. ఇది చెరువులాంటి నిలవనీటిలో పేరుకున్నది. పలుచగా పలకలు పలకలుగా చీలుతుంది, చీల్చిన పలక మీద చేపలు కనిపిస్తాయి. ఆ పట్టీలతో కలిసి, వాటి పైనా, ఎరుపు, బూడిద, ఆకుపచ్చ రంగుల మట్టిరాళ్లు ఉంటాయి.

బారపాసారస్ అనే డైనోసార్ కింది భాగంలోది. కోల్‌కతాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ బృందం పోచంపల్లి దగ్గర తవ్వి తీసిన దాదాపు 300 ఎముకలు, కనీసం ఆరు జంతువులవి, పెద్ద పెద్ద చెట్టు మొద్దులతో కలగలిసి దొరికాయి. 1975లో దానికి బారపాసారస్ టాగోరి అని పేరు పెట్టారు. సన్న పళ్లు వచ్చింది రెబ్బెన దగ్గరి పైకాసిగూడెంలో, సున్నపురాయితో ముడిపడిన మట్టిరాయి నుంచి. అంటే జాబితాలో ఒకే పేరు కింద పక్కపక్కన ఉన్న రెండు నమూనాల మధ్య నేలలో ఒక నది వ్యవస్థ మొత్తం, దాని తర్వాత ఒక చెరువు కాలం ఉన్నాయి. కోట వయసు మీద జరిగిన వాదనల్లో చాలావరకు ఈ ఒక్క విషయం దగ్గర తప్పటడుగు పడింది. కింది పొర డైనోసార్‌ను చూసి ఒకరు తొలి జురాసిక్ అంటారు, పై పొర పుప్పొడిని చూసి ఇంకొకరు కాదంటారు. ఇద్దరి ముందూ ఉన్నది వేర్వేరు రాయి.

ఇలాంటి తికమక ఇక్కడ కొత్త కూడా కాదు. 1851లో కోట సున్నపురాయి నుంచి వచ్చిన చేపను ఎగర్టన్ వర్ణించినప్పుడే అది యూరప్ జురాసిక్ చేపల్లా ఉందని అర్థమైంది. మాలేరి ఎర్రమట్టిలో దొరికిన హైపరోడాపెడాన్ లాంటి సరీసృపాలేమో ట్రయాసిక్‌వి. 1881లో విలియం కింగ్ ఈ లోయ మీద తన పెద్ద నివేదిక రాసేనాటికి రెండింటినీ కలిపి కోట–మాలేరి అని ఒకే గుంపుగా చూసేవారు. ట్రయాసిక్ జంతువు, జురాసిక్ చేప ఒకే గుంపులో ఎలా ఉన్నాయన్నది చాలాకాలం తెగని పంచాయితీ అయింది. పొరలను ఊరూరా తిరిగి మ్యాపు చేశాకే అది తీరింది. 1969లో టి.ఎస్. కుట్టి మాలేరికీ కోటకూ మధ్య ధర్మారం అనే వేరే ఫార్మేషన్ ఉందని చూపించారు. శిలాజాలు రెండూ నిజమే చెబుతున్నాయి, కలిపి కట్టిన మూటే తప్పు. కోట లోపల ఇప్పుడు జరుగుతున్నదీ అదే కథ అని నా అభిప్రాయం. అందుకే ముందు కోరిలేషన్, ఆ తర్వాతే వయసు అన్న వరసలో పని పెట్టుకున్నాం.

పత్తి చేల కింద సెక్షన్

కోరిలేషన్ అంటే ఈ ఊళ్లో కనిపించే పొర, పది కిలోమీటర్ల అవతల ఊళ్లో కనిపించే పొర ఒకటేనా కాదా అని తేల్చడం. కొండ అంచుల్లో పొరలు మెట్లుమెట్లుగా కనబడే దేశాల్లో ఈ పని కళ్లతోనే సగం అయిపోతుంది. ఇక్కడ నేల చదును. పైన నల్లరేగడి, దాని మీద పత్తి. రాయి బయటపడేది వాగు గట్టుల్లో, రోడ్డు కోతల్లో, చెరువు కట్ట కోసం మట్టి తీసిన గుంతల్లో, బావుల్లో.

బావులే మాకు ఎక్కువ ఉపయోగపడ్డాయి. తవ్వినప్పుడు తీసిన మట్టి గట్టున అలాగే కుప్పపడి ఉంటుంది. అడుగు పొర కుప్ప పైకి వస్తుంది, పై పొర కుప్ప కిందికి పోతుంది. తిరగేసి చదువుకోవాలి. రెబ్బెన వైపు ఒక చేలో అలాంటి కుప్ప మీద ఆకుపచ్చ మట్టిరాయి పెళ్లలు కనబడి కూర్చుని ఏరుతుంటే చేను యజమాని వచ్చాడు.

"ఏం దేవులాడుతున్నరు సారూ?"

"ఈ పచ్చమట్టి ఎంత లోతుల పడ్డది పెద్దయ్యా?"

"గది నాలుగు గజాలకే పడ్డది. ఆరు గజాలకు తెల్లబండ తగిలింది, గడ్డపార దిగలే. ఆడికే ఆపినం."

ఆ తెల్లబండే మాకు కావలసిన సున్నపురాయి. పైన ఎక్కడా కనబడని చోట దాని లోతు ఇలా దొరికింది. ఆ బావిని జీపీఎస్‌లో గుర్తించి టోపోషీట్ మీద వేశాం. ఇలాంటి బావి కబుర్లు కొన్ని కలిస్తే సున్నపురాయి పై అంచు నేల కింద ఏ దిక్కుకు, ఎంత వాలుతో దిగుతోందో తేలుతుంది.

వాలు విషయంలో ఇక్కడ చాలా జాగ్రత్త కావాలి. పొరలు మొత్తంమీద ఉత్తర–ఈశాన్యం వైపు కొద్దిగా వాలి ఉంటాయి. చదును నేల మీద వాలు దిశలో ఒక కిలోమీటరు నడిచామనుకోండి. వాలు 5 డిగ్రీలైతే ఆ నడకలో దాటిన పొరల మందం 87 మీటర్లు. 7 డిగ్రీలైతే 122 మీటర్లు. చేతి కంపాస్‌తో రెండు డిగ్రీలు అటూఇటూ రావడం మామూలే, కానీ మందంలో తేడా 35 మీటర్లు వచ్చేసింది. కోటలో సున్నపురాయి పట్టీల మందమంతా కలిపినా కొన్ని పదుల మీటర్లే కాబట్టి, కొలతలో చిన్న తేడా వస్తే ఒక శిలాజం సున్నపురాయి కింద నుంచి పైకి దూకేస్తుంది. ఇంకో ఇబ్బంది ఏమిటంటే కింది కోట ఇసుకరాయిలో ఏటవాలు గీతలు ఎక్కువ. అవి నది అడుగున ఇసుక మేటలు జరిగిన గుర్తులు, పొర వాలు కావు. కొత్తగా ఫీల్డుకు వచ్చిన విద్యార్థులు వాటి మీద కంపాస్ పెట్టి 20 డిగ్రీలు అని రాసుకుంటారు. వాలు కొలవాల్సింది సున్నపురాయి పలకల మీద, లేదా వెడల్పుగా పరిచినట్టున్న మట్టిరాయి మీద.

పైగా ఇది పగులు లోయ. ఫాల్టులు పొరలను విరిచి జరిపేస్తాయి, ఒకే పట్టీ రెండుసార్లు కనబడుతుంది. రెండు సున్నపురాయి పట్టీలు కనిపించగానే కింది పట్టీ, పై పట్టీ అని పేర్లు పెట్టేస్తే దెబ్బతింటాం. రెండింటి మధ్యలో ఏముందో చూడాలి. ఒక పట్టీ పైన ఎర్ర మట్టిరాయి, దానిపైన బూడిద మట్టిరాయి, ఆపైన రెండో పట్టీ అన్న వరస ఇంకో చోట కూడా అలాగే వస్తే రెండు పట్టీలూ నిజం. మధ్యలో నలిగిన రాయి, గీతలు పడి నున్నగా మెరిసే ముఖాలు కనబడితే అది ఫాల్టు, పట్టీ ఒకటే.

సున్నపురాయి మంచి గుర్తు పొరే, కానీ దానికీ ఒక లోపం ఉంది. చెరువు ఒక్క రోజున నిండదు, ఒక్క రోజున ఎండదు. మధ్యలో సున్నం పేరుకుంటున్నప్పుడు అంచున ఇసుక పడుతూనే ఉంటుంది. కాబట్టి ఈ ఊరి సున్నపురాయి అడుగు, ఆ ఊరి సున్నపురాయి అడుగు ఒకే ఏడాదివని అనలేం. కోట్ల ఏళ్ల లెక్కలో ఆ తేడా పెద్దది కాదు కాబట్టి మా పనికి చెల్లింది.

ఇదంతా చేశాక తేలింది ఇది: పైకాసిగూడెం మట్టిరాయి సున్నపురాయి మండలంలోనిది, బారపాసారస్ పొర దానికి స్పష్టంగా కింద. కోటాసారస్ సంగతి వేరు. యామన్‌పల్లి దగ్గర జియలాజికల్ సర్వే వాళ్లు 12 జంతువుల ఎముకలు, సుమారు 840, తవ్వి తీసిన చోటు బారపాసారస్ చోటుకు పదుల కిలోమీటర్ల దూరంలో ఉంది. రెండూ కింది కోటలోవే, కానీ వాటిలో ఏది పైన, ఏది కింద అన్నది మధ్యలో తెగని పొర దొరక్కపోతే చెప్పలేం. కోటాసారస్ వెన్నుపూసల్లో పాతకాలపు లక్షణాలు ఎక్కువ కాబట్టి అదే ముందటిది అనే వాదన వింటుంటాను. నాకు అది మింగుడు పడదు. పాత తరహా జంతువు, కొత్త తరహా జంతువు ఒకే కాలంలో బతకడం ఎప్పుడూ ఉన్నదే. జంతువు రూపాన్ని బట్టి పొరను పైకీ కిందికీ జరిపి, తర్వాత ఆ పొర వరసనే చూపించి జంతువు పరిణామం చెబితే అది గానుగ చుట్టూ తిరగడమే.

మట్టి కడిగితే వచ్చేవి

పైకాసిగూడెం మట్టిరాయి నుంచి మేమూ కొంత మట్టి తెచ్చుకుని కడిగాం. పద్ధతి పాతదే. పెళ్లలను చిన్న ముక్కలుగా కొట్టి ఎండలో బాగా ఎండబెట్టాలి. పూర్తిగా ఆరాక కిరోసిన్‌లో నానబెట్టి, కిరోసిన్ వంపేసి నీళ్లు పోస్తే మట్టి దానంతటదే బురదగా విచ్చుకుంటుంది. కొంచెం తడి మిగిలినా విచ్చుకోదు, అందుకే వానాకాలంలో ఈ పని పెట్టుకోం. ఆ బురదను ఒకదాని కింద ఒకటి పెట్టిన సన్న జల్లెడల మీద మెల్లగా నీళ్లు పోస్తూ కడిగి, మిగిలిన గింజను ఆరబెట్టి, మైక్రోస్కోప్ కింద తడి కుంచె మొనతో ఒక్కొక్కటీ ఏరాలి. పొలుసులు నల్లగా, గోధుమరంగులో మెరుస్తాయి. ఆస్ట్రకాడ్‌లు చిక్కుడు గింజ ఆకారంలో రెండు చిప్పలు మూసుకుని ఉండే సన్న జీవులు. మిల్లీమీటరు కన్నా చిన్నవి.

ఇక్కడ ఒక నిర్ణయం ముందే తీసుకోవాలి. సున్నం గట్టిగా పట్టిన రాయిని పలుచని అసిటిక్ యాసిడ్‌లో వేస్తే ఎముకలు, పళ్లు చక్కగా బయటపడతాయి, కానీ ఆస్ట్రకాడ్ చిప్పలు కూడా సున్నమే కాబట్టి కరిగిపోతాయి. పుప్పొడి కావాలంటే ఇంకా ఘాటైన యాసిడ్లు, అందులో హైడ్రోఫ్లోరిక్ కూడా, వాడాలి; అందులో పుప్పొడి తప్ప ఏదీ మిగలదు. కాబట్టి ఒకే పెళ్లను మూడు భాగాలు చేసి మూడు దారుల్లో పంపాలి. ఒక పెళ్ల నుంచి పళ్లు, ఇంకో చోటి పెళ్ల నుంచి పుప్పొడి తీసి రెండూ ఒకే పొరవి అని రాస్తే మళ్లీ మొదటికొస్తాం. ఎర్ర మట్టిలో పుప్పొడి ఉండదు కూడా, గాలి తగిలి నాశనమైపోతుంది. బూడిద రంగు మట్టిలోనే నిలుస్తుంది. అంటే కోటకు పుప్పొడి చెప్పే వయసు ఏదైనా, అది బూడిద పొరల వయసు. బారపాసారస్ ఉన్న ఎర్రమట్టి దాంట్లోకి రాదు.

నలుగురు సాక్షులు

వయసు చెప్పే శిలాజాలు కోటలో నాలుగు రకాలు. నాలుగూ నాలుగు మాటలు చెబుతాయి.

చేపలు తొలి జురాసిక్ అంటాయి. సోహన్ లాల్ జైన్ 1973లో కోట చేపలను తిరిగి వర్ణించి అదే చెప్పారు. టెట్రాగొనోలెపిస్, డాపెడియం బంధువైన పారాడాపెడియం లాంటివి యూరప్‌లో ఆ కాలపు సముద్ర పొరల్లో బాగా తెలిసిన గుంపులు. ఆ పొరల్లో అమ్మోనైట్లు, అంటే త్వరత్వరగా జాతులు మారిపోయిన చుట్టల గుల్లల సముద్ర జీవులు, కూడా ఉంటాయి కాబట్టి అక్కడి వయసు గట్టిది. కాకపోతే కోట చేపలు సముద్రంవి కావు. పైగా లెపిడోటిస్ అన్న పేరు కింద ఒకప్పుడు జురాసిక్ నుంచి క్రెటేషియస్ దాకా దొరికిన మందపాటి పొలుసుల చేపలన్నిటినీ పడేశారు, తర్వాతి సవరణల్లో చాలావాటిని అందులోంచి తీసేశారు. చేపల సాక్ష్యాన్ని నేను నమ్ముతాను గానీ పేరు చూసి నమ్మను, గుంపు చూసి నమ్ముతాను. ఇదే కాలానికి మద్దతుగా చాలా ఏళ్లు చూపించిన ఎగిరే సరీసృపం, 1974 నాటి కాంపిలోగ్నథాయిడిస్ ఇండికస్, తర్వాత పరిశీలించిన వాళ్ల చేతుల్లో నిలబడలేదు. దాన్ని మేం పక్కన పెట్టేశాం.

ఆస్ట్రకాడ్‌లు మధ్య జురాసిక్ వైపు లాగుతాయి. 1975లో గోవిందన్ ఈ మాట చెప్పారు. మంచినీటి ఆస్ట్రకాడ్‌లతో ఇబ్బంది ఏమిటంటే వాటిలో చాలా జాతులు చాలా కాలం పెద్దగా మారకుండా బతికేస్తాయి. చెరువు ఎలాంటిదో చెప్పమంటే చక్కగా చెబుతాయి, వయసు అడిగితే నసుగుతాయి.

పుప్పొడి సాక్ష్యం ఇంకా పైకి జరుపుతుంది. 2001లో విజయ, గుంటుపల్లి ప్రసాద్ కలిసి చేసిన పని పై కోటను మధ్య జురాసిక్ దాటి ఇంకా పైకి తీసుకెళ్లే అవకాశం తెరిచింది. ఇందులో ఒక గట్టి మాట ఉంది. కాలియాలాస్పోరైటిస్ అనే పుప్పొడి ఆస్ట్రేలియాలో తొలి జురాసిక్‌లోని చివరి దశ, టోర్షియన్ దగ్గర మొదలై అక్కడి నుంచి పెరుగుతుంది. అలాంటిది ఉన్న పొర టోర్షియన్ కన్నా పాతది కావడం కష్టం. కానీ మొదటిసారి కనబడటం కింది హద్దును మాత్రమే ఇస్తుంది. పై హద్దుకు అది సాక్షి కాదు.

ఇక పాలిచ్చే జంతువుల పళ్లు. 1981లో దత్తా వర్ణించిన కోటాథీరియం హాల్డేనీతో మొదలై, యాదగిరి, ప్రసాద్, మన్హాస్, పర్మార్ లాంటి వాళ్ల పనితో కోట ఇప్పుడు గోండ్వానా ఖండాల్లో, అంటే ఒకప్పుడు కలిసి ఉన్న దక్షిణ ఖండాల్లో, జురాసిక్ పాలిచ్చే జంతువులకు ముఖ్యమైన చోటైంది. వీటిలో డిస్క్రిటోడాన్ ఇండికస్ గొడవ పెట్టింది. అదే ప్రజాతికి చెందిన ఇంకో జాతి మొరాకోలో జురాసిక్–క్రెటేషియస్ సరిహద్దు దగ్గరి పొరల్లో ఉంది. కాబట్టి కోట కూడా అంత కొత్తదేమో అన్నారు. 2013లో మన దేశపు మొదటి మల్టీట్యుబర్క్యులేట్ (పళ్ల మీద వరసలుగా బొడిపెలుండే, ఇప్పుడు అంతరించిన పాలిచ్చే జంతువుల గుంపు) అంటూ ఇండోబాటార్ జోఫియే వచ్చాక ఆ అనుమానం ఇంకాస్త బలపడింది, ఎందుకంటే ఈ గుంపు ఎక్కువగా దొరికేది మధ్య జురాసిక్ తర్వాతే.

ఈ చివరి సాక్ష్యాన్ని ఎంతవరకు నమ్మాలన్నదే మా కేసులో అసలు మలుపు. దానికి జవాబు పటగోనియాలో దొరికింది.

అర్జెంటీనాలోని చుబుత్ ప్రాంతంలో కన్యదోన్ అస్ఫాల్తో అనే ఫార్మేషన్ ఉంది. కోటతో పోలిక చూస్తే ఆశ్చర్యం వేస్తుంది: చెరువు సున్నపురాళ్లు, మట్టిరాళ్లు, పొడవు మెడల సౌరోపాడ్ డైనోసార్లు, చేపలు, పాలిచ్చే జంతువుల సన్న దవడలు. 2002లో అక్కడి అస్ఫాల్తోమైలోస్‌ను వర్ణించినప్పుడు ఆ పొరలు మధ్య జురాసిక్ చివరివని, ఇంకా కొత్తవైనా కావచ్చని అందరూ అనుకునేవారు. పళ్లు అంత అభివృద్ధి చెందినవి మరి. అయితే అక్కడ మనకు లేనిది ఒకటుంది, అగ్నిపర్వతపు బూడిద పొరలు. వాటిలోని జిర్కాన్‌లను, అంటే వయసు కొలవడానికి పనికొచ్చే సన్న ఖనిజపు గింజలను, యురేనియం–లెడ్ పద్ధతిలో కొలిచి 2013లో కూనియో బృందం ఆ ఫార్మేషన్ తొలి జురాసిక్ చివర్లోనే మొదలైందని చూపించింది. 2020లో అదే ఫార్మేషన్ కింది భాగం నుంచి వచ్చిన సౌరోపాడ్ బాగ్వాలియాకు 17.9 కోట్ల ఏళ్లని తేల్చారు. 'కొత్త' అనుకున్న పొర ఒక్కసారిగా కోటిన్నర ఏళ్లకు పైగా కిందికి దిగిపోయింది.

దీన్ని బట్టి కోట కూడా అంతే పాతదని అనడం లేదు. "ఈ పళ్లు అభివృద్ధి చెందినవి కాబట్టి పొర కొత్తది" అన్న తర్కం, సరిగ్గా ఇలాంటి చెరువులో, ఇలాంటి జంతువులతో, కొలత ముందు ఒకసారి ఓడిపోయిందని చెబుతున్నాను. అందుకే కోటను క్రెటేషియస్‌లోకి లాగే సాక్ష్యానికి మేం తక్కువ బరువు ఇచ్చాం. పైన గంగాపూర్ ఫార్మేషన్ తొలి క్రెటేషియస్ మొక్కలతో కూర్చుని ఉండటం కూడా దీనికి తోడు. కోట పై అంచు దాకా వెళ్లినా గంగాపూర్ కన్నా కిందే ఆగాలి.

నేరుగా కొలవచ్చు కదా?

ఇది ప్రతి ఒక్కరూ అడిగేదే. కొలవచ్చు, కొలవదగ్గ రాయి ఉంటే. రాజమండ్రినే చూడండి. కాటేరు, గౌరీపట్నం క్వారీల్లో లావా పొరల మధ్య శిలాజాలున్న పొర ఉంటుంది. కింది లావా భూమి అయస్కాంతం తలకిందులుగా ఉన్నప్పుడు గడ్డకట్టింది, పై లావా మామూలుగా ఉన్నప్పుడు. మధ్య పొరలో ఫోరామినిఫెరా అనే సముద్రపు సన్న జీవులు ఉన్నాయి. వీటి ఆధారంగా 2008లో గెర్టా కెల్లర్ బృందం ఆ మధ్య పొర డైనోసార్ల అంతం జరిగిన వెంటనే పడిందని చెప్పింది. తర్వాత 2020లో ఆర్గాన్ పద్ధతిలో లావాలను కొలిచి, ఆ క్వారీల్లో డైనోసార్ల అంతాన్ని గుర్తించే సరిహద్దు అసలు బయటపడలేదని, కింది లావా కూడా సరిహద్దు దాటాకే పారిందని ఇంకో బృందం తేల్చింది. అక్కడ వాదన జరిగేది కొన్ని లక్షల ఏళ్ల మీద. లావా ఉండటం వల్ల దక్కిన భాగ్యం అది.

కోటలో లావా లేదు, వాడుకోదగ్గ బూడిద పొర ఇంతవరకు దొరకలేదు. ఇసుకరాయిలో జిర్కాన్‌లు ఉంటాయి, కానీ వాటి వయసు ఆ గింజ ఎక్కడో గ్రానైట్‌లో పుట్టినప్పటిది. చుట్టూ ఉన్నవి ధార్వార్, బస్తర్ లాంటి వందల కోట్ల ఏళ్ల నాటి రాళ్లు. అన్నిటికన్నా చిన్న గింజ వయసు కన్నా పొర కొత్తదని తప్ప ఇంకేం చెప్పవు. అయస్కాంత పద్ధతీ ఒంటరిగా పనికిరాదు. జురాసిక్‌లో భూమి అయస్కాంతం చాలాసార్లు తారుమారైంది. ముక్కలుముక్కలుగా దొరికే మన సెక్షన్‌లో, అంటే పొరల వరసలో, రెండు మూడు తారుమారులు కనబడితే వాటిని పట్టికలో ఎక్కడైనా అతికించవచ్చు.

అందుకే మిగిలింది అరువు వయసు. కిందున్న మాలేరికి అదే చేస్తాం. మాలేరిలో దొరికే హైపరోడాపెడాన్ బ్రెజిల్‌లోని సాంతా మరియాలో, అర్జెంటీనాలోని ఇస్చిగువాలాస్తోలో కూడా ఉంది. ఇస్చిగువాలాస్తో అడుగున ఉన్న బూడిద వయసు 23.14 కోట్ల ఏళ్లు. ఆ అంకె మనకు వాడుకోవడం అంటే పక్కింటి గడియారం చూసి మనింట్లో టైమ్ చెప్పడమే. గడియారం సరైనదే, రెండిళ్లలో ఆ జంతువు ఒకే సమయంలో ఉందన్నది మన నమ్మకం. అప్పట్లో ఖండాలన్నీ కలిసి ఉన్నాయి, జంతువు నడిచి వెళ్లగలదు కాబట్టి ఆ నమ్మకం అన్యాయమైనదేమీ కాదు. జాబితాలో మాత్రం అది అరువు అని రాసి ఉండాలి.

చివరికి గడుల్లో ఏం వేశాం

'వయసు' అనే ఒక్క గడిని నాలుగు చేయమని అడిగాం: పొర స్థానం, కింది హద్దు, పై హద్దు, దేని ఆధారంగా. మొదట కంప్యూటర్ పని చేసే కుర్రాడు టెన్షన్ పడ్డాడు గానీ తర్వాత అతనే మాలేరి నమూనాలకు కూడా అలాగే చేద్దామన్నాడు.

బారపాసారస్ పొరకు స్థానం కింది కోట, సున్నపురాయికి కింద. కింది హద్దు ధర్మారం పై భాగం. అక్కడి లాంప్లూసారా లాంటి డైనోసార్లను బట్టి 2007లో ఆ భాగాన్ని సినెమూరియన్‌గా, అంటే 19.9 నుంచి 19.3 కోట్ల ఏళ్ల మధ్యగా లెక్కించారు. పై హద్దు పై కోట అడుగు. ఆధారం జంతువుల పోలిక, పొరల వరస. నేరుగా కొలత లేదు. కోటాసారస్‌కూ ఇవే హద్దులు, బారపాసారస్‌తో వరస గడి ఖాళీ.

పైకాసిగూడెం పళ్లకు స్థానం పై కోట సున్నపురాయి మండలం. కింది హద్దు టోర్షియన్, పుప్పొడి ఆధారంగా. అంటే సుమారు 18.4 కోట్ల ఏళ్లు. పై హద్దు మధ్య జురాసిక్ చివర, సుమారు 16.1 కోట్ల ఏళ్లు, పక్కన ప్రశ్నార్థకంతో. ఆ ప్రశ్నార్థకాన్ని తీసేయమని ఒకరు అడిగారు. తీయలేదు. చేప పలకలు చాలావాటికి ఏ ఊరి నుంచి వచ్చాయో తప్ప ఏ పట్టీ నుంచి వచ్చాయో పాత చీటీల్లో లేదు; వాటికి పై కోట అని మాత్రమే వేశాం, డిస్క్రిటోడాన్ వాదన వాటికి అంటకుండా.

పై కోటలో బూడిద రంగు మట్టిరాయి ఉన్న ప్రతి బావి కుప్ప నుంచీ కొంత మట్టి వేరుగా సంచిలో కట్టి పెట్టాం. వాటిలో గట్లు అరగని, కోసుగా ఉన్న జిర్కాన్ గింజలు వస్తే అవి నదిలో దొర్లకుండా గాల్లో ఎగిరొచ్చిన బూడిదవి అయ్యే అవకాశం ఉంది. ముందుగా ఏరేది వాటినే. వానలు తగ్గి చేలల్లో పత్తి తీత అయ్యాక యామన్‌పల్లి, పోచంపల్లి మధ్య వాగులను కూడా ఒకసారి నడవాలి, ఆ ఖాళీ గడి కోసం.